వంతెన మీద లేని సైనికులు

నా చెల్లెలి బిడ్డ సింధుజకు విదేశాంగ శాఖలో ఉద్యోగం వచ్చింది. శిక్షణకు ఢిల్లీ వెళ్ళేముందు మడికొండలో మా ఇంటికి వచ్చి, మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని సూటిగా అడిగింది.

"మామా, గిన్నేండ్లు నువ్వు ఆ నౌకరీ చేసినవ్ గదా. అసలు ఏం పని ఉంటదో ఒక్కసారన్న చెప్పకపోతివి. పార్టీలల్ల జూస్ గ్లాస్ పట్టుకొని నవ్వుడేనా?"

"ఎక్కువ భాగం అదే" అన్నాను.

"మరి తక్కువ భాగం?"

"భయపడుడు."

పిల్ల పకపకా నవ్వింది. వేళాకోళం ఆడుతున్నాననుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ, "నవ్వకు బిడ్డా, నిజమే చెప్తాండు. ఇప్పటికీ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతడు" అంది.

ఆ రోజు చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను. సింధుజ కోసం, ఆమెలాగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం. నేను ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో, ఎవరి సరసన కూర్చుని విందు ఆరగించానో ఇందులో ఉండదు. వాటికి మా బంధువుల్లోనే శ్రోతలు దొరకలేదు, మీకెందుకు? ఒక దేశంలో ఒక యుద్ధాన్ని ఆపడానికి మేం పడ్డ పాట్లు, అందులో ఒక్క రోజు సంగతి చెబుతాను. ఆ దేశం పేరు రాయను. నోరు కట్టేసుకుంటానని సంతకం చేసినవాణ్ణి. పేరు తెలిసినంత మాత్రాన మీకు కొత్తగా ఒరిగేదీ లేదు.

ఉండీ లేనివాళ్ళు

ఆ యుద్ధం ఒకే దేశం వాళ్ళు వాళ్ళలో వాళ్ళు చేసుకుంటున్నది. ఒక పక్క ప్రభుత్వం, మరో పక్క తిరుగుబాటుదారులు. ఎందుకు మొదలైందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తరం కిందటి కథ ఎత్తుకునేవారు. ఇంతవరకైతే అన్నదమ్ముల పంపకాల తగాదా లాంటిదే, ఎప్పటికో ఒకప్పటికి తెగుతుంది. కాని పొరుగు దేశం ప్రభుత్వానికి సాయంగా తన సైన్యాన్ని పంపింది. పంపి, పంపలేదంది.

ఆ సైనికుల చొక్కాల మీద ఏ గుర్తూ ఉండదు. బండ్ల మీద నంబరుండదు. మాట్లాడితే మాత్రం పొరుగు దేశం యాసే. చర్చల్లో కూర్చున్న అందరికీ ఆ సంగతి తెలుసు, మాకు టీలు పోసే హోటల్ కుర్రాడికి కూడా తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళం కూడా మర్యాద కోసం కళ్ళు మూసుకునేవాళ్ళం.

"ముందు పరాయి సైన్యం వెళ్ళాలి, తరువాత ఆయుధాలు దించుతాం" అని తిరుగుబాటుదారులు. "ముందు ఆయుధాలు దించండి. పరాయి సైన్యమా? అదెక్కడుంది?" అని ప్రభుత్వం. లేనివాళ్ళను వెనక్కి పంపే ఒప్పందం ఎలా రాస్తారో ఏ పాఠశాలలోనూ నేర్పరు.

వీళ్ళ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఒక ఊరు ఇరుక్కుంది. నది ఒడ్డున ఉన్న ఊరు. బయటికి దారి ఒక్క వంతెన మీదుగానే. ఊరు తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. వంతెనకు అవతలి కొసన, ఉన్నారని ఎవరూ ఒప్పుకోని ఆ సైనికులు తుపాకులు గురిపెట్టి కూర్చున్నారు. బయటి నుంచి తిండి లోపలికి పోదు, లోపలి మనిషి బయటికి రాడు. వంతెన మీద అడుగుపెట్టినవాళ్ళను కాల్చేవారు. ముందు ఆ దారి తెరిపించాలి, ఊళ్ళో జనం ప్రాణాలతో బయటపడాలి. మిగతావి తరువాత చూసుకోవచ్చు. మా ముందున్న పని అది.

పెద్దాయన

చర్చలు వేరే దేశంలో, సరస్సు పక్కన ఒక హోటల్లో జరిగాయి. మన ప్రభుత్వం నన్ను మధ్యవర్తుల బృందానికి డెప్యుటేషన్ మీద ఇచ్చింది. ఒక అంతస్తులో ఆ చివర గది ప్రభుత్వానిది, ఈ చివర గది తిరుగుబాటుదారులది. ఒకరి మొహం ఒకరు చూడరు. మధ్యలో పొడుగాటి నడవా. ఆ నడవాలో మాటలు మోసుకుంటూ అటూ ఇటూ తిరగడం నా పని. మా అమ్మ ఫోన్‌లో "ఏం పని చేస్తానవ్ కొడుకా అక్కడ?" అని అడిగితే, "పెండ్లిళ్ళ పేరయ్య పనే అమ్మా, కాకపోతే పిల్లా పిలగాడూ ఇద్దరి దగ్గర బాంబులున్నయ్" అన్నాను. "జర పైలం" అని ఆమె ఫోన్ పెట్టేసింది. తరువాత వారం రోజులు ఉపవాసాలు చేసిందని చెల్లెలు చెప్పింది.

మా బృందానికి పెద్ద ఒక మాజీ మంత్రి. దూర దేశం ఆయన. మేం పెద్దాయన అనే పిలుచుకునేవాళ్ళం. ఆజానుబాహువు. గంభీరమైన గొంతు. ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. మొదటి రోజే నాతో, "తిట్టును మోయకు, కాదన్నదాన్ని దాచకు" అన్నారు. అంటే ఈ గదిలో ఆ గది వాళ్ళను తిడితే ఆ తిట్టు నడవాలోనే పారేయాలి. కాని వీళ్ళు ఒక మాట ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదని ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకంటే ముందున్న ఒకాయన మెత్తని మనిషి. "చూద్దాంలే" అన్న మాటను అవతలి గదిలో "దాదాపు సరేనన్నారు" అని చెప్పేవాడట. నెల తిరిగేసరికి రెండు గదులవాళ్ళూ ఎదుటివాళ్ళు మాట తప్పారని మండిపడి లేచిపోయారు. ఆ నెల్లాళ్ళూ ఊళ్ళో జనం చస్తూనే ఉన్నారు. చక్కెర కలిపి మాట మోయకండి. ఎవరికీ మేలు చేయదు.

పెద్దాయనకు ఒక బలహీనత ఉంది. అది ఆయన అనుభవంలోంచే వచ్చింది. పండిన మాటను వెంటనే కోసెయ్యాలంటారు. "సాయంత్రానికి మనసులు మారతాయి. ఒక గంట ఆలస్యమై చేజారిన శాంతి పదేళ్ళకు గాని తిరిగి రాకపోవడం నా కళ్ళతో చూశాను" అనేవారు. ఆలస్యం అమృతం విషం అని మనవాళ్ళూ అన్నారు. నిదానమే ప్రధానం అని కూడా మనవాళ్ళే అన్నారు. ఏ పూట ఏది నిజమో చెప్పినవాడు మాత్రం లేడు.

నాకు నిదానం మా తాత దగ్గర అబ్బింది. రఘునాథపల్లిలో ఆయన పెద్దమనిషి. పొలం గెట్ల తగాదాలు, బావి వంతుల తగాదాలు ఆయన దగ్గరికి వచ్చేవి. ఒకసారి ఇద్దరు దాయాదులకు నీళ్ళ వంతు దగ్గర గొడవైతే, పెద్దమనుషులు పొద్దున్నుంచి కూర్చుని రాజీ కుదిర్చారు. అందరి ముందూ చెప్పేశారు. రాజీ అయిందన్న సంబరంతో ఒకరి కొడుకు ఒంటరిగా చేను దిక్కు పోయాడు. అవతలివాడి తమ్ముడు పొద్దున్నుంచీ అక్కడే కట్టె పట్టుకుని కాపు కాస్తున్నాడు. వాడికి రాజీ సంగతి ఎవరూ చెప్పలేదు. పిల్లవాడి తల పగిలింది.

అప్పటి నుంచి మా తాత, రాజీ కుదిరినా నోరు విప్పేవాడు కాదు. "కట్టె పట్టినోడు యాడున్నడో చూడుండ్రి. వానికి ముందుగాల చెప్పుండ్రి. గాడు కట్టె కింద పెట్టినంక ఊరికి చెప్దాం" అనేవాడు. వాణ్ణి పిలుచుకొచ్చి అందరి ముందు కూర్చోబెట్టుకున్న తరువాతే రాజీ మాట బయటపెట్టేవాడు. చిన్నప్పుడు ఇదంతా ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి.

సమ్మయ్య

ఆ ఊళ్ళో ఒక సిమెంటు కంపెనీ క్యాంపులో మనవాళ్ళు కొందరు చిక్కుకుపోయారు. కూలీలు, డ్రైవర్లు, వెల్డర్లు. మన రాయబార కార్యాలయం అప్పటికే మూతపడింది. వాళ్ళ బాగోగులు కనుక్కునే పని నా మీద పడింది. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అవతలి గొంతు హిందీలో తంటాలు పడుతోంది. ఆ హిందీలో తెలుగు తొంగి చూసింది. తెలుగులో పలకరించాను.

"సార్! మీరు తెలుగోళ్ళా? ఎక్కడ సార్ మీది?"

"హనుమకొండ."

"ఓరి దేవుడా! మాది ములుగు పక్కన సార్. నా పేరు సమ్మయ్య." తరువాత ఫోన్‌లో ఏడుపే వినిపించింది. అది ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉన్నాను.

ఆ తరువాత సమ్మయ్య వీలైనప్పుడల్లా ఫోన్ చేసేవాడు. భార్యా చిన్నబిడ్డా ఇక్కడ ములుగు దగ్గర సొంతూళ్ళో ఉన్నారు. తిండి అయిపోతోందని, నీళ్ళ బండి రావడం లేదని చెప్పేవాడు. క్యాంపు పక్కన ఒకామె రొట్టెలు కాల్చేది. ఆమె పేరు సమ్మయ్యకు నోరు తిరగదు, రొట్టెలామె అనేవాడు. పిండి ఉన్నన్ని రోజులూ మనవాళ్ళకూ పెట్టింది. "మా అక్క లెక్క చూసుకుంటాంది సార్. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. అయినా తిట్టేటిది నాకు సమజైతది" అనేవాడు.

యుద్ధం నడిచే చోట మనిషితో ఇంత దగ్గరితనం మా పనిలో పనికిరాదు. పెద్దాయనకు చెప్పేశాను. ఆయన ఆలోచించి, "మాట్లాడు. కాని ఇక్కడి మాట అక్కడికి పోకూడదు" అన్నారు. సరేనన్నాను. అప్పటి నుంచి ప్రతి ఫోనుకూ నా గుండెల్లో రాయి పడేది. ఇంతకుముందు ఊరంటే కాగితం మీద ఒక చుక్క. ఇప్పుడు ఆ చుక్కలో మనిషి ఉన్నాడు. సింధుజా, తెలిసిన మనిషి లోపల ఉన్నాడంటే నిద్ర పట్టదు. పట్టకపోవడమే నయం.

సంతకాల రోజు

మొత్తానికి ఒక దారి దొరికింది. ఒప్పందంలో సైనికులు అనే మాటే లేకుండా "వంతెనకు తూర్పున ఉన్న వాహనాలు వెనక్కి తీసుకోబడును" అని రాశాం. వాహనానికి దేశం ఉండదు కదా! రెండు గదులూ ఒప్పుకున్నాయి. ఆ మాట కనిపెట్టిన కుర్ర లాయరును ఎత్తుకుని తిప్పినంత పనిచేశాం.

సంతకాల రోజు పొద్దున కింద హాలంతా కెమెరాలు. ఆ దేశం నుంచి, చర్చలకు చోటిచ్చిన దేశం నుంచి మంత్రులు విమానాల్లో వస్తున్నారు. నేను కాగితాలు మరొకసారి చదువుతుంటే ఉన్నట్టుండి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వెనక్కి తగ్గమని ఆ వంతెన మీది వాళ్ళకు ఎవరు చెబుతారు? ప్రభుత్వం తన దళాలకు చెబుతుంది. తిరుగుబాటుదారులు తమవాళ్ళకు చెబుతారు. వంతెన మీద ఉన్నవాళ్ళు ఈ ఇద్దరి మనుషులూ కారు. వాళ్ళకు ఆజ్ఞ ఇవ్వగలిగింది పొరుగు దేశం. ఆ దేశం అక్కడ తనవాళ్ళు లేరంటోంది. లేనివాళ్ళకు ఆజ్ఞ ఎవరిస్తారు?

పరుగున వెళ్ళి పెద్దాయనను అడిగాను.

"సంబంధిత పక్షాలన్నీ పాటిస్తాయని ఒప్పందంలో ఉంది కదా" అన్నారు.

"వాళ్ళు పక్షం కారండీ. మనమే కాదని రాశాం."

ఆయన మొహంలో ఒక్క క్షణం నా భయమే కనిపించింది. వాచీ చూసుకున్నారు. "ఇప్పుడు ఆపితే అందరూ లేచిపోతారు. సంతకాలైతే వాళ్ళ మీద ఒత్తిడి ఉంటుంది. వాళ్ళు వింటారు."

"వింటారు. ఎప్పుడు వింటారన్నదే నా భయం. ప్రకటన చదవడమైనా కాసేపు ఆపండి."

ఆపలేదు. ఆయన చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. ఆ రోజు ఆపి ఉంటే ఒప్పందమే చేజారేదేమో, ఇప్పటికీ నాకు తెలియదు. కార్యక్రమం ప్రకారం సంతకాలకు ముందే ఆయన మైకు ముందు నిలబడి ప్రకటన స్వయంగా చదివారు. కాల్పులు ఆగాయని, వంతెన మీది దారి తెరుచుకుందని. ఆ దేశపు రేడియో అదే క్షణంలో ఆ మాటలు వాళ్ళ భాషలో వినిపించింది. వెనకాల ఆయన గొంతు కూడా వినిపించేలా పెట్టారు.

నేను మెట్లు ఎక్కుతుండగానే ఫోన్ మోగింది. సమ్మయ్య.

"సార్, రేడియోల చెప్పిండ్రు. లడాయి అయిపోయిందట. రోడ్డు తెరిచిండ్రట. నిజమేనా సార్?"

"నువ్వు ఎక్కడున్నవ్?"

"క్యాంపులనే. ఊరు ఊరంత రోడ్డు మీదికొచ్చింది సార్. ఏడుస్తాండ్రు, నవ్వుతాండ్రు, మూటలు ఎత్తుకుంటాండ్రు. రొట్టెలామె సుత మూట కట్టింది, మమ్మల్ని రా రా అని పిలుస్తాంది. పోదుమా? ఉండుమంటరా?"

కింద పెద్దాయన దారి తెరుచుకుందని ప్రపంచానికి చెప్పారు. ఆయన కింద పనిచేసేవాణ్ణి నేను. నేను వద్దంటే ఆ మాట వీధిలోకి పోతుంది, మధ్యవర్తులకే వాళ్ళ ఒప్పందం మీద నమ్మకం లేదంటారు. సంతకాలింకా కాలేదు. తిరుగుబాటుదారులు కలాలు పడేసి లేచిపోతారు, ఊరు మళ్ళీ చచ్చేదాకా మగ్గుతుంది. పొమ్మంటే సమ్మయ్య వంతెన మీదికి పోతాడు.

"ఆగు సమ్మయ్యా. నేను చెప్పేదాక క్యాంపు దాటకు. ఎవ్వలను దాటనియ్యకు."

"ఏమన్న ఉన్నదా సార్?"

"అడగకు. ఆగు."

"మరి రొట్టెలామెకు చెప్పాల్నా?"

చెప్పొద్దనడమే నా ఉద్యోగ ధర్మం. "చెప్పు" అన్నాను. ఫోన్ కట్ అయింది.

భోజనం చేసి బయల్దేరమనండి

పొరుగు దేశం నుంచి చర్చలకు ఒకాయన వచ్చి కూర్చునేవాడు. కాగితాల మీద వాణిజ్య సలహాదారు. నిటారుగా కూర్చునే తీరు, పొట్టి క్రాపు, మెరిసే బూట్లు చూస్తే పసిపిల్లవాడు కూడా మిలిటరీ అంటాడు. ఒకసారి వేళాకోళంగా మీ దేశం నుంచి ఎక్కువగా ఎగుమతయ్యేది ఏమిటని అడిగితే, ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నాడు. మేం ఆయన్ను కర్నల్ అనుకునేవాళ్ళం.

నడవా చివర కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆయన వైపు నడిచాను. సూటిగా అడిగానా, తమ సైన్యం ఉందని మేం నింద వేశామంటూ వాళ్ళు వెళ్ళిపోవచ్చు. అడగకపోయానా, వంతెన మీదివాళ్ళకు చెప్పే నాథుడే ఉండడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ నడవాలో నాకు గుర్తుకొచ్చింది మా తాత ఒక్కడే. కట్టె పట్టినవాడిని వెతుక్కుంటూ పోతున్నాను, కాని వాడి పేరు ఎత్తకూడదు.

"మా ఊరివాడొకడు ఆ ఊళ్ళో ఉన్నాడండీ. రేడియో విని, బయల్దేరమంటారా అని నన్ను అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?" అన్నాను.

కర్నల్ నా వైపు తిరిగాడు.

"పెళ్ళయిందా అతనికి?"

"అయింది. చిన్న బిడ్డ కూడా ఉంది."

సరస్సు వైపు చూశాడు. తరువాత మామూలు గొంతుతో, "భోజనం చేసి బయల్దేరమనండి. ఖాళీ కడుపుతో ప్రయాణం మంచిది కాదు" అన్నాడు.

అంతే. బాల్కనీలోకి వెళ్ళి, అద్దం తలుపు మూసుకుని, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఎవరితో మాట్లాడాడో నాకు తెలియదు. మా పనిలో తెలియదనే రాయాలి. అద్దంలోంచి చూస్తే గట్టిగా అరుస్తున్నట్టు మాత్రం తెలిసింది. అవతల లైను సరిగా లేదో, విననివాడున్నాడో.

నేను సమ్మయ్యకు ఫోన్ కలిపాను. కలవలేదు. మళ్ళీ, మళ్ళీ. చివరికి ఎత్తింది సమ్మయ్య కాదు. అతని తోటి వెల్డర్ కొమురయ్య.

"సమ్మయ్య లేడు సార్. రొట్టెలామె అప్పటికే పోయింది. మీరు వద్దన్నరని చెప్పి ఆమెను మర్లగొట్టుకొస్తనని ఉరికిండు."

"మీరెందుకు పోనిచ్చిండ్రు?"

"ఆపితే ఆగిండా సార్? ఒక్కామె కాదు, తొవ్వల కనపడ్డోళ్ళందరినీ చేతులు అడ్డం పెట్టి ఆపుతాండట..." అంటూనే ఆగాడు. "సార్. చప్పుళ్ళు ఇనస్తానయ్ సార్. కాలుస్తాండ్రు."

నాకూ వినిపించాయి. సన్నగా, దూరంగా. సరిగ్గా అప్పుడే కింద హాల్లో చప్పట్లు మోగాయి. సంతకాలైపోయాయి. ఒక చెవిలో అది, ఒక చెవిలో ఇది. నేను గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయాను. లోపల ఉండమంటే ఉండే మనిషిని నేనే బయటికి పంపానన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో మరేదీ లేదు.

పెద్దాయన పైకి వచ్చాక చెప్పాను. ఆయన కోటు మీద ఇంకా పువ్వు ఉంది. తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాం. నా జీవితంలో అంత భయపడ్డది లేదు.

మధ్యాహ్నం దాటాక బండ్లు వెనక్కి తగ్గాయని కబురొచ్చింది. కర్నల్ చెప్పినట్టే, భోజనాల వేళ దాటాక. దారి నిజంగానే తెరుచుకుంది. ఊళ్ళో జనం బయటికి రావడం మొదలైంది. ఎండ తగ్గుతుండగా ఎవరిదో అరువు ఫోన్ నుంచి గొంతు వినిపించింది.

"సార్, దాటినం. అందరం దాటినం."

"నువ్వు మంచిగున్నవా?"

"ఉన్న సార్."

రొట్టెలామె గురించి అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగడానికి భయపడ్డాను.

లెక్క ప్రకారం ఆ ఒప్పందం మా విజయమే. గట్టిగా నిలబడింది. ఆ ఊరు మళ్ళీ బతికింది. ప్రకటన వెలువడిన తరువాత "కొన్ని చెదురుమదురు ఘటనలు" జరిగాయని నివేదికలో రాశారు. పెద్దాయన ఆ మాట తీసేసి జరిగింది జరిగినట్టు రాయించాలని చాలా పోరాడారు, కుదరలేదు. కాల్చింది ఎవరని రాయాల్సి వస్తుంది కదా, అక్కడెవరూ లేరాయె.

మీలో ఎవరైనా నా కుర్చీలో కూర్చుంటే నేను చెప్పగలిగింది ఇంతే. ఒప్పందం రాయడం తెలివైనవాళ్ళు చేస్తారు, మీరు ఆ దిగులు పెట్టుకోకండి. చివరి తుపాకీ పట్టుకున్నవాడికి ఆ మాట ఎవరి నోటి నుంచి, ఏ దారిన చేరుతుందో మాత్రం ముందే కనుక్కోండి. అది తేలేదాకా మైకు దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. మిమ్మల్ని పిరికివాడంటారు. అననివ్వండి.

ములుగులో

మొన్న సింధుజ సెలవుకు వస్తే, ఇంతవరకు రాసింది చదివించి, వెంటపెట్టుకుని ములుగు వెళ్ళాను. సమ్మయ్య ఇప్పుడు జీపు నడుపుతాడు. అడవి పల్లెలకు మనుషులను దింపి వస్తుంటాడు. బిడ్డ పెళ్ళి చేశాడు. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు. "గిప్పుడు యాదికొచ్చిన్నా సార్ నేను?" అని నిష్ఠూరమాడాడు. అతని భార్య మమ్మల్ని బలవంతంగా అన్నానికి కూర్చోబెట్టింది.

తింటూ తింటూ సింధుజ అడిగింది. "అన్నా, ఊరంత పోతాంటే నువ్వెట్ల ఆగినవ్? గంత పెద్ద సారు రేడియోల చెప్పినంక మా మామ మాట ఎట్ల నమ్మినవ్?"

సమ్మయ్య నన్ను చూసి కొంచెం నవ్వాడు. "ఏమనుకోకుండ్రి సార్. రేడియోల మాట్లాడినాయన గొంతు బలే ఉండె బిడ్డా. భాష తెల్వకున్నా నమ్మబుద్ధైతది. గట్టిగ, నిమ్మళంగ. మీ మామ గొంతేమో గజగజ వణుకుతాంది. గంత పెద్ద ఆఫీసరు గిట్ల వణుకుతాండంటే అక్కడ ఏందో ఉన్నదని నాకు సమజైంది."

ఎన్నేళ్ళుగానో అడగలేకపోయినదాన్ని అప్పుడు అడిగాను. "సమ్మయ్యా, రొట్టెలామె?"

అతను కంచంలో చెయ్యి ఆపాడు. భార్య లేచి లోపలికి పోయింది. ఆమెకు ఈ కథ తెలుసన్నమాట.

"వంతెన మొదట్లనే అందుకున్న సార్. కొంతమంది నా మాట ఇని మర్లిండ్రు. ఆమెకు చేతులతోని చెప్పిన, పోవద్దు, కాలుస్తరని. వణుకుకుంట సుత చూపెట్టిన, మా సారు గిట్ల వణుకుతాండని. ఆమె నవ్వింది సార్. ఎవరి చేతులనో రేడియో మోగుతాంది, ఆయన మాటే మళ్ళ మళ్ళ వస్తాంది. దాని దిక్కు చూపెట్టింది, ఇను ఇను అన్నట్టు. నేను చెయ్యి పట్టి గుంజిన. నా నెత్తి మీద మెల్లగ ఒక్కటి కొట్టి, చెయ్యి ఇడిపిచ్చుకొని పోయింది."